మాస్టడాన్‌లో మన పోస్ట్ దొరకాలంటే: హ్యాష్‌ట్యాగా, సెర్చా?

మాస్టడాన్‌లో (ఎవరికివాళ్లు నడుపుకునే వేర్వేరు సర్వర్లు కలిసి పనిచేసే సోషల్ నెట్‌వర్క్ ఇది) చేరిన కొత్తలో అందరిదీ ఒకటే గోల, రాస్తున్నా ఎవరూ చూడట్లేదని. చూడరు మరి, ఇక్కడ హోమ్ ఫీడ్‌లో వచ్చినవి వచ్చిన వరసలోనే ఉంటాయి, మన పోస్ట్‌ని ఎత్తి జనం ముందు పెట్టే అల్గారిదమ్ అక్కడ లేదు.

హ్యాష్‌ట్యాగ్ పాత దారి. పోస్ట్ పబ్లిక్‌గా ఉంటే చాలు, వేరే సెట్టింగ్ అక్కర్లేదు. పైగా 2022లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి ట్యాగ్‌నే ఫాలో కావచ్చు కాబట్టి, మీ పేరు కూడా తెలియని వాళ్ల హోమ్ ఫీడ్‌లోకి మీ పోస్ట్ వెళ్తుంది. చిక్కల్లా ట్యాగ్ పెట్టడం మర్చిపోతే (నేను సగంసార్లు మర్చిపోతా), లేదా ఒకరు తెలుగు లిపిలో, ఇంకొకరు ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే. రెండూ వేర్వేరు ట్యాగులైపోతాయి.

మాటలతో వెతికే సెర్చ్ 2023 సెప్టెంబరులో 4.2తో వచ్చింది. ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో మీరు సరే అంటేనే మీ పోస్టులు అందరికీ దొరుకుతాయి, అది మంచిదే. కానీ సర్వర్ నడిపేవాళ్లు ఎలాస్టిక్‌సెర్చ్ అనే వెతుకులాట సాఫ్ట్‌వేర్ విడిగా పెట్టుకోవాలి, అది మెమరీ బాగా తింటుంది, చిన్న సర్వర్లకు భారం. తెలుగుకైతే ఇంకో తిప్పలు: "పుస్తకం" అని వెతికితే "పుస్తకాల్లో" అని రాసిన పోస్ట్ తగలదు.

నా ఓటు ట్యాగుకే, సెర్చ్ సెట్టింగ్ మాత్రం ఆన్ చేసి ఉంచండి. ఏ దారైనా, మీ పోస్ట్ అవతలి సర్వర్‌దాకా చేరి ఉంటేనే అక్కడ కనబడుతుంది.