తాతల పేర్లు లోపలికి సులువుగానే పోతాయి, బయటికి రావడమే కష్టం: వంశవృక్షం సాఫ్ట్‌వేర్లు వాడిన అనుభవం

వంశవృక్షానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని అడిగేవాళ్ళకి నేను ముందు చెప్పే మాట, చార్టు చూసి మురిసిపోకండి. రంగుల చెట్టు, కొమ్మకో ఫోటో ఇప్పుడు అందరూ ఇస్తున్నారు. మీరు ఎక్కించిన వివరాలు, రేపు చందా కట్టడం మానేసినా ఆ కంపెనీయే మూతపడినా, మీరు రాసినట్టే మీ చేతికి తిరిగి వస్తాయా రావా అన్నది చూడండి. నేను గ్రాంప్స్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ చాలా ఏళ్ళుగా వాడుతున్నా, మధ్యలో ఒక చందా సైట్, ఫోన్‌లో రెండు మూడు యాప్‌లు కూడా నడిపించా. ఇక్కడ ఎగుమతి, దిగుమతుల గురించి మాత్రమే రాస్తున్నా, మిగతా ఫీచర్ల మీద ఇప్పటికే బోలెడు సమీక్షలు ఉన్నాయి.

మాది హనుమకొండ. చుట్టాల్లో సగం మంది కమలాపూర్, పరకాల వైపు, మిగతా సగం మగ్గాల పని వెంట భివండి, షోలాపూర్, సూరత్ పోయి అక్కడే ఉండిపోయినవాళ్ళు. ఒక్కొక్కరి దగ్గర చరిత్ర ఒక్కో ముక్క ఉంది, ఒక్కొక్కరూ ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో రాసుకున్నారు. ఇవన్నీ ఒక్కచోటికి రావాలంటే ఉన్న దారి ఒక్కటే, జెడ్‌కామ్ ఫైల్.

జెడ్‌కామ్ గురించి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. అమెరికాలో మోర్మన్ చర్చివాళ్ళు 1984లో మొదలుపెట్టిన ఫార్మాట్ ఇది. మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవొచ్చు. ప్రతి లైనుకి ముందు ఒక అంకె ఉంటుంది: 0 అంటే కొత్త మనిషి లేదా కొత్త కుటుంబం, 1 అంటే దాని వివరం, 2 అంటే ఆ వివరానికి వివరం. అంతే సంగతి. ఇంత సులువైన దాన్ని కూడా సాఫ్ట్‌వేర్లు ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసుకోవడంతోనే మన తిప్పలన్నీ.

మొదటి తిప్ప మన లిపి. జెడ్‌కామ్ పాత వెర్షన్ అయిన 5.5 ప్రమాణంలో మామూలుగా వాడే ఆన్సెల్ అనే అక్షరాల పట్టికలో తెలుగు లేదు. ఆ ప్రమాణంలోని భాషల జాబితాలో తెలుగు పేరు ఉంది కానీ, యూనికోడ్ (అన్ని లిపులకీ కలిపి ఒకే పట్టిక) వచ్చేదాకా సపోర్ట్ లేనివి అనే వరుసలో ఉంది. యూనికోడ్ అక్షరాలను ఫైల్‌లో రాసే పద్ధతి యూటీఎఫ్-8, అది అధికారికంగా చేరింది తర్వాతి వెర్షన్ 5.5.1లో. ఆ వెర్షన్ 1999లో డ్రాఫ్ట్‌గా బయటికి వచ్చి, ఇరవై ఏళ్ళు అలాగే నడిచి, 2019లో గానీ ఫైనల్ అనిపించుకోలేదు. కాబట్టి ఎగుమతి చేసేటప్పుడు యూటీఎఫ్-8 అనే ఆప్షన్ ఉందో లేదో ముందు చూసుకోండి. నేను చందా కట్టిన సైట్ నుంచి వచ్చిన ఫైల్‌లో మా ముత్తాతల వరస మొత్తం ప్రశ్నార్థకాలే, ఒకరి పేరు ఆరు ప్రశ్నార్థకాలు, ఇంకొకరిది తొమ్మిది. వాళ్ళ తెరమీద మాత్రం తెలుగు చక్కగా కనిపిస్తుంది! తెరమీద కనిపించినంత మాత్రాన ఫైల్‌లో ఉన్నట్టు కాదు.

యూటీఎఫ్-8 ఉన్నా ఇంకో చోట దెబ్బ పడుతుంది. 5.5.1లో ఒక లైను 255 అక్షరాలు దాటకూడదు, దాటితే విరిచి కింది లైనులో కొనసాగించాలి. ఇంగ్లీష్ అక్షరానికి ఒక బైటు (ఫైల్‌లో చోటుని కొలిచే ముక్క) సరిపోతుంది, తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతపు గుర్తుకి, పొల్లుకి విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. అక్షరాలు లెక్కపెట్టాల్సిన చోట బైట్లు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఒక అక్షరం నడుముకి విరుస్తుంది. మా నాయనమ్మ చెప్పిన వలస కథను నోట్‌గా పెడితే, ఒక యాప్ నుంచి తిరిగి వచ్చేసరికి ప్రతి కొన్ని పదాలకి ఒక నల్ల డైమండ్ గుర్తు పడింది. అందుకే పరీక్షకి ఎప్పుడూ పొడుగాటి తెలుగు నోట్ ఒకటి పెట్టాలి, చిన్న పేర్లతో ఈ జబ్బు బయటపడదు. ఇంకో చిన్న పరీక్ష రాజ్‌కుమార్ లాంటి పేరు. మధ్యలో కనబడకుండా ఉండే విడదీసే గుర్తును కొన్ని యాప్‌లు చెత్త అనుకుని తీసేస్తాయి, అప్పుడు పేరు రాజ్కుమార్ అయి కూర్చుంటుంది.

పేర్ల దగ్గర ప్రమాణం మనల్ని బాగానే పట్టించుకుంది, సాఫ్ట్‌వేర్లే పట్టించుకోలేదు. ఇంటిపేరును రెండు ఏటవాలు గీతల మధ్య రాయాలి, అది ముందు ఉన్నా వెనక ఉన్నా జెడ్‌కామ్‌కి అభ్యంతరం లేదు. కానీ దిగుమతి చేసుకునే యాప్‌లు కొన్ని దాన్ని తీసి వెనక తగిలిస్తాయి, మన పెద్దవాళ్ళకి ఆ పేర్లు చూపిస్తే ఎవరిదో అనుకుంటారు. ఒకే మనిషికి తెలుగు పేరు పక్కన ఇంగ్లీష్ స్పెల్లింగ్ కూడా ఉంచడానికి 5.5.1లో రోమన్ రూపం అని విడిగా ట్యాగ్ (లైను దేని గురించో చెప్పే మాట) ఉంది. మాకు ఇది బాగా అవసరం, భివండిలో పుట్టిన పిల్లలు తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. నేను చూసిన యాప్‌లలో ఆ ట్యాగ్‌ని తెరమీద చూపించింది ఒక్కటీ లేదు. చివరికి గ్రాంప్స్‌లో ఉన్న రెండో పేరు అనే సదుపాయం వాడుకుంటున్నా, అది అటూ ఇటూ క్షేమంగా తిరుగుతోంది.

ఇక తేదీలు. మా వైపు పుట్టినరోజు అడిగితే రజాకార్ల గడబిడప్పుడు అంటారు, గత్తర (కలరా) వచ్చిన ఏడు అంటారు, సమ్మక్క జాతర అయిన నెలకి అంటారు. జాతర రెండేళ్ళకోసారి కాబట్టి అదీ ఒక ఆధారమే. పాత భూమి కాగితాల్లో ఫస్లీ సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలిపితే ఇంగ్లీష్ సంవత్సరం వస్తుంది, కాకపోతే నిజాం రాజ్యంలో ఫస్లీ అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి ఫస్లీ 1342 అంటే 1932-33. జెడ్‌కామ్‌కి తెలిసిన క్యాలెండర్లలో యూదులది ఉంది, ఫ్రెంచి విప్లవం నాటిది ఉంది, మన ఫస్లీ గానీ ప్రభవ, విభవలు గానీ లేవు. కానీ ఒక మంచి ఏర్పాటు ఉంది: ఫలానా మాటను ఫలానా తేదీగా అర్థం చేసుకున్నాం అని చెప్పి, బ్రాకెట్లో అసలు మాటను రాయొచ్చు. అంటే 1933 అని రాసి పక్కన ఫస్లీ 1342 అని ఉంచుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌ని తూకం వేయడానికి నాకు తెలిసిన మంచి రాయి ఇదే. బాగున్నవి రెండూ ఉంచుతాయి, కొన్ని బ్రాకెట్ పారేసి 1933 మాత్రమే ఉంచుతాయి, ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే ఊహించి వేసుకున్న అంకె ఖాయమైన తేదీలా కనిపిస్తుంది. ఒక యాప్ అయితే తేదీ చెల్లదని మొత్తం ఖాళీ చేసింది.

ఊర్ల సంగతికొస్తే కమలాపూర్‌నే తీసుకోండి. పాత కరీంనగర్ జిల్లాలో ఉండేది, 2016లో వరంగల్ అర్బన్‌కి వచ్చింది, 2021లో ఆ జిల్లా పేరు హనుమకొండ అయింది. రాష్ట్రం చూస్తే 1956 దాకా హైదరాబాద్, తర్వాత ఆంధ్రప్రదేశ్, 2014 నుంచి తెలంగాణ. ఊరు కదల్లేదు, చిరునామానే మారుతూ వచ్చింది. గ్రాంప్స్‌లో ఈ ఊరు ఏ తేదీ నుంచి ఏ జిల్లా కింద ఉంది అని వరసగా రాసుకోవచ్చు, నాకు దాంట్లో అన్నిటికంటే నచ్చింది ఇదే. జెడ్‌కామ్‌లోకి పంపితే మాత్రం ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం అని కామాలతో ఒక్క లైనే మిగులుతుంది, వెనకున్న చరిత్ర అంతా రాలిపోతుంది. ఇది గ్రాంప్స్ తప్పు కాదు, 5.5.1లో దానికి చోటే లేదు.

గోత్రానికి ట్యాగ్ లేదు. తమాషా ఏంటంటే కులానికి ఉంది! అమెరికా చర్చి తయారుచేసిన ఫార్మాట్‌లో కులం ట్యాగ్ ఉందంటే మొదట నేను నమ్మలేదు, ప్రమాణం తెరిచి చూశా, నిజంగానే ఉంది. గోత్రాన్నీ ఇల్లరికాన్నీ నేను ఇతర వివరం అనే సాధారణ ట్యాగ్ కింద, రకం అనే చోట పేరు రాసి పెడుతున్నా. సొంత ట్యాగ్ కనిపెట్టుకోవచ్చు, ముందు అండర్‌స్కోర్ పెడితే చాలు, కానీ అవతలి సాఫ్ట్‌వేర్ దాన్ని చదవాలని ఎక్కడా లేదు. దత్తతకి ఇబ్బంది లేదు, కన్న తల్లిదండ్రులు, పెంచినవాళ్ళు ఇద్దరినీ కలపొచ్చు, ఏది దత్తతో చెప్పొచ్చు. మేనరికం కూడా ఫైల్ వరకు సులువే, మనుషులు వేరు, కుటుంబాలు వేరు, మధ్యలో నంబర్ల లంకె. మేనమామే భర్త అయితే ఒకే నంబరు రెండు కుటుంబాల్లో వస్తుంది, అంతే. ఫోన్ యాప్ ఒకటి దీన్ని తట్టుకోలేక మా మేనత్త మొగుణ్ణి ఇద్దరు మనుషుల్ని చేసింది, ఆ ఫైల్‌ని తిరిగి కలిపేసరికి పిల్లలు కూడా రెట్టింపయ్యారు. మన ఇళ్ళల్లో నడిచే యాప్ కాదది.

గ్రాంప్స్ దిగుమతిలో నాకు బాగా నచ్చిన గుణం, అర్థం కాని లైన్లను మింగేయదు. ఫలానా నంబరు లైను అర్థం కాలేదు అని రాసి, ఆ లైనును ఆ మనిషి కిందే నోట్‌గా పెడుతుంది. షోలాపూర్ చిన్నాయన కొడుకు పంపిన ఫైల్‌లో అలా మిగిలిన నోట్లను చదివితేనే వాళ్ళ గోత్రాలు, సమాధులు ఉన్న చోట్లు దొరికాయి. మిగతావి దిగుమతి పూర్తయింది అని పచ్చ టిక్కు చూపించి ఊరుకుంటాయి.

ఫోటోల విషయం త్వరగా చెప్తా. 5.5.1 ఫైల్‌లో ఫోటో ఉండదు, ఫోటో ఎక్కడుందో దారి మాత్రమే ఉంటుంది, మీ కంప్యూటర్‌లోని ఆ దారి అవతలివాళ్ళకి పనికిరాదు. యాన్సెస్ట్రీ అనే వంశవృక్షాల సైట్ నుంచి దించుకునే జెడ్‌కామ్‌లో కూడా ఫోటోలు రావు. ఎక్సెల్ షీట్‌గా తీసుకునేవాళ్ళు సీఎస్‌వీని (కామాలతో విడదీసిన పట్టిక ఫైల్‌ని) డబుల్ క్లిక్ చేయకుండా, డేటా మెనూలోంచి దిగుమతి చేసి యూటీఎఫ్-8 ఎంచుకోండి, లేకపోతే తెలుగంతా టోపీలు పెట్టుకున్న ఇంగ్లీష్ అక్షరాలైపోతుంది. 1900కి ముందు తేదీలని ఎక్సెల్ తేదీలుగానే గుర్తించదు, వాటిని టెక్స్ట్‌గా ఉంచండి.

2021లో వచ్చిన 7.0 ప్రమాణం ఇందులో చాలా బాధలు తీర్చింది. యూటీఎఫ్-8 తప్ప ఇంకోటి లేదు, లైను విరిచే గోల తీసేశారు, ప్రతి తేదీ పక్కనా అసలు మాట రాసుకోవచ్చు, పేరుకి వేరే భాషలో రూపం ఇవ్వొచ్చు, ఫోటోలతో కలిపి ఒకే జిప్‌గా పంపొచ్చు. చిక్కల్లా అవతలివాడి సాఫ్ట్‌వేర్ దాన్ని తెరవాలి కదా, మా చుట్టాల్లో ఎవరిదీ తెరవలేదు. అందుకని బంధువులకి 5.5.1, నా బ్యాకప్‌కి గ్రాంప్స్ సొంత ప్యాకేజీ, దాంట్లో ఫోటోలు, ఊర్ల చరిత్ర అన్నీ ఉంటాయి. బతికున్నవాళ్ళ వివరాలు వదిలేసి ఎగుమతి చేసే ఆప్షన్ కూడా ఉంది, ఫైల్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేదైతే అది తప్పకుండా పెట్టండి.

గ్రాంప్స్ ఉచితం, కానీ మొదట్లో చిరాకు పుట్టిస్తుంది, ఫోన్‌లో నడవదు, చార్టులు కూడా సాదాసీదాగా ఉంటాయి. మా చిన్నాయనకి దాన్ని వాడమని నేను చెప్పను. ఆయనకి పీడీఎఫ్ పంపిస్తా, అందులో ఒత్తులు సరిగ్గానే పడతాయి, తప్పుంటే ఆయనే ఫోన్ చేసి తిడతాడు.