స్కైరిమ్‌లో తోడేలైతే దొరికేదేంటి, పోయేదేంటి

స్కైరిమ్ అనే వీడియో గేమ్ వచ్చింది 2011 నవంబర్‌లో, నేను ఆడింది మొన్న ఎండాకాలంలో. అనంతపురంలో మే నెల మధ్యాహ్నం బయట పనులుండవు, ఉన్నా ఎవరూ పోరు. నా లాప్‌టాప్ పాతది, కొత్త గేములు ఎక్కవు, అందుకని సేల్‌లో స్పెషల్ ఎడిషన్ కొన్నా. గేమంతా రివ్యూ చేయడం లేదు, అది ఇప్పటికే అందరూ చేసేశారు. అందులో మన పాత్ర తోడేలుగా (సగం మనిషి, సగం తోడేలు) మారడం ఒక్కటే చెప్తా, నేను కొన్నదే దానికోసం.

వైట్‌రన్ ఊళ్లో కంపానియన్స్ అని ఒక యోధుల గుంపు ఉంటుంది. వాళ్లలో చేరి కొన్ని పనులు చేసి పెడితే ఒక రాత్రి అండర్‌ఫోర్జ్ అనే గుహకి రమ్మంటారు. అక్కడ ఐలా అనే ఆమె రక్తం తాగాలి. వద్దంటే వాళ్ల కథ అక్కడే ఆగిపోతుంది, కాబట్టి తాగక తప్పదు. తాగినాక అదే ఊరి వీధుల్లో తోడేలై తిరుగుతుంటాం, నిన్నటిదాకా నమస్తే పెట్టిన జనం అరుస్తూ పారిపోతుంటారు. ఆ సీన్ నాకు బాగా పట్టేసింది.

ఇక్కడినుంచి రోజుకి ఒకసారి మారొచ్చు, గేములో రోజు అని. మారితే రెండున్నర నిమిషాలు. చంపిన మనిషి శవాన్ని తింటే ఇంకో 30 సెకన్లు కలుస్తాయి, కాస్త ప్రాణం కూడా తిరిగొస్తుంది. (మా అమ్మ శనివారం ఇంట్లో గుడ్డు కూడా ఉడకనివ్వదు. నేను శనివారం రాత్రి వరసగా ఆరుగురు దొంగల్ని తిన్నా.) టైమ్ అయిపోతుందనే టెన్షన్‌తో ఒక శవం దగ్గర్నుంచి ఇంకో శత్రువు దగ్గరికి పరిగెత్తుతుంటాం, ఆకలి అంటే ఏంటో ఆ పరుగులో తెలుస్తుంది, ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు.

బలం ఉంది. ప్రాణం 100, స్టామినా 100 పెరుగుతాయి, పరుగు గుర్రాన్ని మించి ఉంటుంది, ఎగిరి గోళ్లతో కొడితే మనిషి పోయి గోడకి తగులుతాడు. కానీ పోయేవి చూడండి. కవచం ఒంటి మీద ఉండదు, కాబట్టి రక్షణ సున్నా. గాయాలు మాన్పే మందు తాగలేం, మంత్రం వేయలేం, మ్యాప్ తెరవలేం, సంచి తెరవలేం, ఎవరితోనూ మాట్లాడలేం, ఎదురుగా పెట్టెనిండా బంగారమున్నా ముట్టుకోలేం. ప్రాణం దానంతటది పెరగదు. మారుతుండగా ఊళ్లోవాళ్లు చూశారంటే తల మీద 1,000 బంగారు నాణేల వెల పడుతుంది. ఇంకోటి, తోడేలు రక్తం ఉన్నన్నాళ్లూ జబ్బులు రావు గానీ, ఎంత పడుకున్నా, బాగా నిద్రపోయినందుకు గేము ఇచ్చే అదనపు లాభం రాదు.

అన్నిటికన్నా నవ్వొచ్చేది తిరిగి మనిషి అయ్యాక. వేసుకున్నవన్నీ ఊడిపోయి ఉంటాయి, మళ్లీ ఒక్కొక్కటే తొడుక్కోవాలి. ఒకసారి గుహలో సరిగ్గా ఇద్దరు విలుకాళ్ల మధ్యలో నాకు టైమ్ అయిపోయింది, లోదుస్తుల్లో నిలబడ్డా. వెనకనుంచి మా తమ్ముడు, "ఏందన్నా, నీ మనిషికి గుడ్డల్లేవే!" అన్నాడు. కవచం, కత్తి ఫేవరెట్స్‌లో (వెంటనే తీసుకునే చిన్న జాబితా) పెట్టుకోండి, గబగబా వేసుకోవచ్చు.

పీర్ల పండగకి మా వీధిలో ఒకాయన పులివేషం కట్టేవాడు. పొద్దున్నే ఒళ్లంతా రంగు పూసుకునేవాడు, ఆ రంగు ఆరేదాకా కూర్చోడు, ఎవరినీ ఆనుకోడు, ఎవరైనా టీ ఇస్తే గ్లాసు కూడా ఆయన పట్టుకునేవాడు కాదు, పక్కవాడే నోటికి అందించేవాడు. తర్వాత డప్పు మోగితే పిల్లలం నిజంగానే భయపడేవాళ్లం. స్కైరిమ్ తోడేలు నాకు ఆయన్నే గుర్తుకు తెచ్చింది. వేషం కట్టినంతసేపూ చేతికి అందేవి కొన్ని అందవు, అందుకే అది వేషంలా అనిపించదు.

డయాబ్లో 4 (2023) గేములో జంతువుల రూపాల్లోకి మారే డ్రూయిడ్ అనే పాత్రని చూస్తే ఈ తేడా ఇంకా తెలుస్తుంది. ఒక దెబ్బకి ఎలుగుబంటి, మరో దెబ్బకి తోడేలు, ఏ నైపుణ్యం వాడితే ఆ రూపం దానంతటదే వచ్చేస్తుంది. చేతికి చాలా హాయిగా ఉంటుంది, పోట్లాట మాత్రమే చూస్తే స్కైరిమ్ దాని కాలిగోటికి సరిపోదు. కానీ మారడానికి పోగొట్టుకునేది ఏమీ లేదు, చొక్కా మార్చినట్టుంటుంది. 2024లో వచ్చిన బ్లాక్ మిత్ వుకాంగ్ నా లాప్‌టాప్ మోయలేదు, స్నేహితుడి ఇంట్లో ఆడా. అందులో మారిన రూపానికి వేరే ప్రాణం ఉంటుంది, అది అయిపోతే మన ప్రాణంతో మనం తిరిగొస్తాం. అరువు ప్రాణం అన్నమాట. బాస్ (పెద్ద శత్రువు) చివరి దెబ్బలకి దాచుకుంటే బంగారం.

మళ్లీ స్కైరిమ్‌కే వస్తా, లోపాలు చెప్పాలి కదా. తోడేలైతే కెమెరా వెనకనుంచే, ఇరుకు గుహల్లో స్క్రీన్ నిండా బొచ్చే కనిపిస్తుంది. లెవెల్ 10, 15 దగ్గర అది రాజు, 30 దాటి మంచి కవచం, మంచి కత్తి చేతికొచ్చాక మనిషిగా ఉంటేనే నయం. 2012లో స్కైరిమ్‌కి అదనపు భాగంగా వచ్చిన డాన్‌గార్డ్‌లో తోడేలుకి విడిగా 11 పెర్క్‌లు (అదనపు శక్తులు) ఇచ్చారు, తింటూ పోతే అవి తెరుచుకుంటాయి. ముందు దెబ్బ బలం పెంచే వాటికే వెళ్లండి. అవి లేకుండా చివరిదాకా లాగడం కష్టం. హిర్సీన్ ఉంగరం దొరికితే రోజుకి ఎన్నిసార్లైనా మారొచ్చు, నాకైతే అది దొరికాక మజా కొంచెం తగ్గింది, ఎప్పుడు మారాలా అని లెక్క వేసుకునే పని పోయింది కాబట్టి.

చిన్న అసంతృప్తి ఇంకోటి. సుందరకాండలో హనుమంతుడు బొటనవేలంత అయి సురస నోట్లోకి దూరి బయటికి వస్తాడు, చిన్నప్పుడు అది విని పెరిగినవాళ్లం మనం. ఇక్కడ మాత్రం మారడమంటే పెద్దవడం, మీద పడి చీల్చడం, అంతే.

కథ చివర్లో (తెలియకూడదనుకుంటే ఇక్కడ ఆపండి) ఈ రక్తం వదిలించుకునే దారి ఇస్తారు. కథలో మనం చంపిన మంత్రగత్తె తలని, కంపానియన్స్‌ని మొదలుపెట్టిన యిస్‌గ్రామోర్ సమాధిలో ఉన్న మంటలో వేయాలి. మూడుసార్లు ఆ మంట ముందుకి పోయా. తల ఇంకా సంచిలోనే ఉంది.