దెర్బెంట్‌లో సముద్రం కనిపించే గది

రష్యా దక్షిణాన కాస్పియన్ సముద్రం ఒడ్డున ఉన్న పాత ఊరు దెర్బెంట్. అక్కడ బస కోసం ఫొటో చూసి మోసపోయాం. "సముద్రం కనిపించే గది, రాత్రికి 4,200 రూబుళ్లు" అని పెట్టారు. రూబుల్, రూపాయి అటూ ఇటూగా ఒకటే కాబట్టి లెక్క సులువే. తీరా వెళ్లి కిటికీ తీస్తే ఎదురుగా రైలు పట్టాలు, వాటి అవతల రేకుల షెడ్డు. ఆ షెడ్డు పైన అరచేయంత కాస్పియన్. మా ఆయన కుర్చీ ఎక్కి చూసి, "కనిపిస్తోందిలే, అబద్ధం కాదు" అన్నారు.

మా అబ్బాయి అదే తీరంలోని మఖచ్‌కలా నగరంలో మెడిసిన్ నాలుగో ఏడు. వాణ్ని చూడ్డానికి వెళ్లి, వాణ్నే దుబాసీగా పెట్టుకుని దక్షిణంగా సుమారు 120 కిలోమీటర్లు వచ్చాం. షేర్ వ్యాన్‌లో మనిషికి 400. దారి గురించి చెప్పడానికేమీ లేదు.

గదికి డబ్బంతా ముందే తీసుకున్నారు. తర్వాత ఇంటావిడ పాస్‌పోర్టులు పట్టుకుని, విదేశీయుల రిజిస్ట్రేషన్ కాగితానికి మనిషికి 800 అంది. మాస్కో హోటల్లో పైసా అడగలేదు కదా అని మావాడు వాదించాడు. ఆవిడ నవ్వుతూనే ఉంది, పాస్‌పోర్టులు మాత్రం వదల్లేదు. చివరికి ఇద్దరికీ కలిపి 1,000కి దిగింది. రసీదు లేదు. మన బ్యాంకులిచ్చే వీసా కార్డులు, మాస్టర్ కార్డులు రష్యాలో పనిచేయవు. అంతా నగదే కాబట్టి తర్వాత ఫిర్యాదుకి ఆధారం కూడా ఉండదు. మీరు వెళ్తే ఈ రిజిస్ట్రేషన్ డబ్బు సంగతి గది బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా అడగండి.

ఇక రాత్రి. గూడ్సు బండ్లు పదకొండు లెక్కపెట్టాను. ఒక్కో బండి పోతుంటే టీ గ్లాసులో చెంచా టకటకమని కొట్టుకునేది. మా ఆయన గురక అందులో కలిసిపోయింది, అదొక్కటే లాభం.

పొద్దున్నే ఆ చిరాకుతోనే నారిన్-కలా కోట ఎక్కాను. ఎక్కాక కోపం సగం దిగింది. ఒకవైపు కాకసస్ కొండలు, ఒకవైపు కాస్పియన్. మధ్యలో చదును నేల మూడు కిలోమీటర్లు ఉంటుందేమో. రైలు, రోడ్డు, ఊరు అన్నీ ఆ ఇరుకులోనే సర్దుకోవాలి. బండి మా కిటికీ పక్క నుంచి కాక ఇంకెక్కడ నుంచి పోతుంది పాపం!

ఉత్తరాన మైదానాల్లోని హూణులు, తర్వాత ఖజర్లు గుర్రాల మీద పర్షియా వైపు రావాలన్నా ఇదే సందు. అందుకే ఐదో శతాబ్దంలో అప్పటి పర్షియా రాజవంశం సాసానీయులు మట్టి ఇటుకలతో గోడ కట్టారు. ఆరో శతాబ్దంలో వాళ్ల రాజు ఖుస్రో అనుషిర్వాన్ దాన్ని రాతితో కట్టించాడు. కోట నుంచి సముద్రం దాకా రెండు గోడలు, వాటి మధ్య ఊరు. ఒడ్డున నీళ్లలో దిగి దాటిపోతారని గోడని సముద్రంలోకి కూడా లాగారు. కొండల మీదుగా చుట్టి వస్తారని అటువైపు ఇంకో 40 కిలోమీటర్లు! పర్షియన్‌లో దర్‌బంద్ అంటే తలుపుకి వేసిన అడ్డు అన్నట్టు. అరబ్బులు దీన్నే బాబ్ అల్-అబ్వాబ్, ద్వారాలకే ద్వారం అన్నారు. 1722లో రష్యా చక్రవర్తి పీటర్ వస్తే ఊరి తాళంచెవులు ఇచ్చేశారు. కానీ ఊరు రష్యాకి ఖాయంగా దక్కింది 1813లో పర్షియాతో చేసుకున్న గులిస్తాన్ ఒప్పందంతోనే. ఉత్తరపు గోడ ఇప్పటికీ బాగానే నిలిచింది, దక్షిణపు గోడ చాలావరకు పోయింది. అలెగ్జాండర్ కట్టించాడని ఎవరైనా చెబితే తలూపి ముందుకి నడవండి, ఆయన ఇటు రానే లేదు.

జుమా మసీదు 733 నాటిది. సోవియట్ కాలంలో కొన్నేళ్లు దాన్ని జైలుగా వాడారట. ఆవరణలో ముసలి చినార్ చెట్ల కింద మా ఆయన ఈ ప్రయాణంలో మొదటిసారి ప్రశాంతంగా కూర్చున్నారు. లేవనని మొండికేశారు కూడా.

లేపింది వాసనే. గోడల మధ్య పాత పేటల సందులో ఒక ముసలావిడ చుదు కాలుస్తోంది. మన బొబ్బట్టులాగే ఉండ లోపల ఆకుకూర, పనీరు లాంటి జున్ను పెట్టి, కాగితమంత పల్చగా ఒత్తి, నూనె చుక్క లేకుండా పెనం మీద వేస్తుంది. బుడగలు లేచి అక్కడక్కడా నల్లమచ్చలు పడ్డాక తీసి, వేడివేడిగా వెన్న పూసి, ఒకదానిమీద ఒకటి పేర్చి గుడ్డ కప్పుతుంది. ఒక్కోటి 150. నాకు శనివారం మాంసం పనికిరాదని మావాడు చెప్పగానే, మాంసం పెట్టే గిన్నె పక్కకి జరిపి చేతులు కడుక్కుని మళ్లీ మొదలుపెట్టింది. అడగని పని అది. మూడు తిన్నాను. నాలుగోది పొట్లం కట్టి ఇచ్చి, డబ్బు తీసుకోలేదు. నన్నడిగితే కోటకన్నా ముందు ఆవిడ దగ్గరికే వెళ్లమంటాను.

బస కూడా ఆ పేటల్లోనే చూసుకోండి. అక్కడ ఒక ఇంట్లో అడిగితే 3,000 అన్నారు, వాకిట్లో ద్రాక్ష పందిరి కూడా ఉంది. మేము డబ్బు ముందే కట్టేశాం కాబట్టి మళ్లీ పట్టాల పక్కకే పోయాం. గది మార్చమని గట్టిగా అడిగితే ఇంటావిడ వెంటనే ఒప్పుకుని వెనకవైపు గది ఇచ్చింది. అటు రైళ్లు వినపడవు. రోడ్డు మీద లారీలు తెల్లవార్లూ వినిపించాయి.