బోటు క్యాబిన్‌కి 'పోర్టబుల్ ఏసీ' అని చెప్పి కూలర్ అంటగట్టారు: కడప వైపు వాళ్లు చూసుకోండి

షాపు పేరు రాయను. కడపలో ఈ ఎండాకాలం 'బ్యాటరీ మీద నడిచే ఏసీ' అని బోర్డు పెట్టి అమ్ముతున్న షాపు అంటే తెలిసిన వాళ్లకు తెలిసిపోతుంది. తెలియని వాళ్లు ఎవరైనా మీకు అలాంటి డబ్బా చూపిస్తే, జేబులో చెయ్యి పెట్టకముందు ఇది చదవండి. కోపంలో రాస్తున్నాను, అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి.

మా బావమరిదీ నేనూ కలిసి గండికోట రిజర్వాయర్‌లో చిన్న ఫైబర్ బోటు ఒకటి నడుపుతున్నాం. పర్మిషన్లు, లైఫ్ జాకెట్లు, ఆ పురాణమంతా ఇంకోసారి. క్యాబిన్ ఎనిమిది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. మూడు వైపులా అద్దాలు, పైన ఫైబర్ కప్పు. మే నెలలో మన దగ్గర ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పేదేముంది. పైగా అక్కడ లోయ. రెండు పక్కలా బండలు పొద్దు వాలాక కూడా వేడి కక్కుతూనే ఉంటాయి. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు బోటు ఎక్కకముందే అడిగే మాట, 'ఏసీ ఉందా?'

అందుకే ఆ షాపుకు పోయినాం. దాచిందేమీ లేదు. ఇది బోటు, కరెంటు లేదు, 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటుంది, క్యాబిన్ కొలతలు ఇవీ అని అన్నీ చెప్పాను. కౌంటర్ దగ్గర ఉన్న పిల్లోడు కాగితం మీద రాసుకున్నాడు కూడా. "అన్నా, లారీలోళ్లు, బోట్లోళ్లు తీసుకుపోయేది ఇదే. మూడు నిమిషాల్లో ఊటీ చూపిస్తాది" అన్నాడు. స్విచ్ వేశాడు. మొహానికి చల్లగాలి కొట్టింది. కొట్టదా మరి? నెత్తిన ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ నడుస్తోంది! ఆ గదిలో మామూలు టేబుల్ ఫ్యాన్ పెట్టినా చల్లగాలే వస్తుంది. ఈ సంగతి నాకు 17,500 రూపాయలు కట్టి ఇంటికి వచ్చాక తట్టింది. మహా తెలివి.

ఆదివారం ఒక కుటుంబం ఎక్కింది, పెద్దావిడతో సహా. తలుపులు, అద్దాలు మూసి, ట్యాంకులో నీళ్లు, ఐసు పోసి ఆన్ చేశాం. కాసేపు బాగానే ఉంది. తర్వాత అద్దాల మీద చెమ్మ పట్టింది. బయటి కొండలు కనపడవు, లోపల ఒంటి మీద చెమట ఆరదు. క్యాబిన్ కాస్తా ఇడ్లీ పాత్ర అయింది. ఆ పెద్దావిడ "నాయనా, ఆ డబ్బా ఆపి తలుపు తీయండి, ఊపిరి ఆడటం లేదు" అంది. తలుపు తీశాక బయటి వేడిగాలే హాయిగా అనిపించింది. సగం డబ్బులు వాపసు ఇచ్చాం. వాళ్లు అడగలేదు, మాకే సిగ్గేసింది.

జమ్మలమడుగులో తెలిసిన ఏసీ మెకానిక్ దాన్ని విప్పి చూపించాడు. లోపల ఒక ఫ్యాను, తేనెపట్టు ప్యాడు, నీళ్లు తోడే చిన్న మోటారు, ఐసు వేసే డబ్బా. అంతే. కంప్రెసర్ లేదు, గ్యాసు లేదు, వేడిని బయటికి పంపే గొట్టం లేదు. అది కూలర్. కూలర్ తప్పని నేననను. మన సీమ పొడి ఎండకి కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ కిటికీలు తీసి ఉంటేనే. నీళ్లు ఆవిరైతేనే దానికి చల్లదనం. మూసిన గదిలో ఆ ఆవిరి ఎక్కడికీ పోదు, తేమ పెరిగిపోతుంది, ఆ తర్వాత చల్లదనమూ ఉండదు. ఐసు వేస్తే సరిపోతుంది కదా అంటారు. ఒక టన్ను ఏసీ గంటలో లాగే వేడిని ఐసుతో లాగాలంటే ఇంచుమించు 38 కిలోలు కరగాలి. దీని డబ్బాలో కిలో పట్టడమే కష్టం.

సరే, మోసం మామూలే అనుకుని డబ్బా తీసుకుని షాపుకు పోయినాను. ఇక్కడి నుంచే నాకు నిద్ర పట్టనిది. ఈసారి కౌంటర్‌లో ఓనరే ఉన్నాడు. చుట్టూ కొనేవాళ్లు. ఇది ఏసీ కాదండీ అని మర్యాదగానే మొదలుపెట్టాను. తలెత్తకుండానే "ఏసీ అని ఎవరు చెప్పినారు? బిల్లు చూసుకో" అన్నాడు. చూశాను. నోటితో వందసార్లు ఏసీ అన్నవాళ్లు బిల్లులో మాత్రం బుద్ధిగా 'పోర్టబుల్ ఎయిర్ కూలర్' అని కొట్టి ఇచ్చారు! "చదువుకున్నోని మాదిరి ఉండావు, బిల్లు చదువుకోవద్దా?" అని గట్టిగా, అందరికీ వినపడేలా అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఊటీ చూపిస్తానన్న పిల్లోడు ఫ్రిజ్‌ల వెనక్కి తప్పుకున్నాడు.

నేను బోటు సంగతి ఎత్తాను. కొలతలు రాసుకున్నారు కదా అన్నాను. దానికి ఆయన జవాబు: "నీళ్ల మీద తిరిగే పడవకి ఏసీ ఏంది సామీ? కిటికీ తీసి గాలి పీల్చుకోమను." కొన్న రోజు నేను 'అన్నా', బిల్లు కొట్టేదాకా కూల్‌డ్రింకు. ఇప్పుడు "యాడైనా చెప్పుకో పో." మా నాన్న వయసు మనిషి కాబట్టి ఊరుకున్నాను గానీ, లేకపోతే ఆ డబ్బా అక్కడే పగిలేది.

ఇంతటితో అయిపోలేదు. బయటికి వస్తుంటే ఇంకో సేల్స్ మనిషి వెంట వచ్చి, పైన 22,000 కడితే నిజమైన ఒక టన్ను పోర్టబుల్ ఏసీ ఇస్తామన్నాడు, ఇన్వర్టర్ పెట్టి అదే బ్యాటరీ మీద నడుపుకోవచ్చట. ఈసారి లెక్క వేశాను. ఆ ఏసీ దాదాపు 1,200 వాట్లు తాగుతుంది. 12 వోల్టుల మీద అంటే 100 ఆంపియర్లు, ఇన్వర్టర్ నష్టం దానికి అదనం. మా బ్యాటరీలో ఉన్నదంతా కలిపితే 1,800 వాట్ అవర్లు. బ్యాటరీ పాడుకాకుండా వాడుకోగలిగేది అందులో సగం. ముప్పావు గంట కూడా రాదు, వైర్లు కాలిపోకపోతే. పైగా ఒకటే గొట్టం ఉన్న మోడల్ క్యాబిన్ గాలినే లాగి బయటికి తోస్తుంది. ఆ ఖాళీ నింపడానికి సందుల్లోంచి బయటి వేడిగాలి లోపలికి వస్తూనే ఉంటుంది. తీసుకుంటే రెండు గొట్టాలది తీసుకోవాలి. జనరేటర్ పెట్టుకోండి అనే సలహా కూడా ఇచ్చాడు మహానుభావుడు. మూసిన క్యాబిన్ పక్కన పెట్రోలు జనరేటర్ అంటే కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, ప్రాణం పోతుంది.

కొనేవాళ్లకి నాలుగు ముక్కలు. వెనక స్టిక్కర్ మీద ఆర్ 32, ఆర్ 410ఏ, ఆర్ 290 లాంటి గ్యాసు పేరు, అది ఎన్ని గ్రాములో లేకపోతే అది ఏసీ కాదు. ఒక చేత్తో ఎత్తగలిగినా కాదు. బిల్లులో హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీ కోసం సరుకు ఏ రకమో చెప్పే నంబరు) చూడండి: 8415 అంటే ఏసీ, 8479 అంటే కూలర్. నా బిల్లులో 8479 ఉంది, ఆ అంకె అర్థం అప్పుడు ఎవరికి తెలుసు. దేనికి వాడతారో, ఎంత సైజు గదికో బిల్లు మీదే రాయించుకోండి. రాయనంటే బయటికి వచ్చేయండి.

ప్రస్తుతానికి బోటు కప్పు మీద తెల్ల పెయింటు వేయించి, లోపల థర్మోకోల్ షీట్లు కొట్టించాం. రెండు 12 వోల్టుల ఫ్యాన్లు, అద్దాలు సగం తీసి. ఆ కూలర్ కూడా తలుపు తీసి పెడితే కాస్త పనిచేస్తోంది, ఒప్పుకోవాలి. కానీ దానికి ఆ ధర ఏంటి!

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ఇదే డబ్బా ఇదే మాట మీద కొన్నవాళ్లు ఇంకా ఉంటే బిల్లు తీసి ఆ కోడ్ చూసి నాకు మెసేజ్ పెట్టండి. షాపులో కొలతలు రాసిన కాగితం ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే మరీ మంచిది.