పటానికి పూర్తి మార్కులు, వర్క్‌షీట్‌కు సున్నా

మా బడిలో ఎనిమిదో తరగతికి పటం (గుడ్డ మీద వరుస బొమ్మలతో కథ గీసిన చుట్ట) చూపించి కథలు రాయించే వర్క్‌షాప్ పెట్టించాం. రెండు రోజులు, పిల్లవాడికి 120 రూపాయలు. పదో తరగతి పాత బ్యాచ్ వాళ్ళు కట్టారు కాబట్టి పిల్లల మీద పడలేదు. ఎట్లుంది మేడమ్ అని తోటి తెలుగు టీచర్లు ఫోన్లు చేస్తున్నారు, అందుకే ఈ నాలుగు ముక్కలు. మొదటి రోజుకు వంక పెట్టలేను. రెండో రోజు గ్రేసు మార్కులతో పాసయింది.

మన తెలుగు పరీక్ష పేపర్లో ‘సృజనాత్మకత’ కింద ఏం జరుగుతుందో మీకు కొత్తగా చెప్పాలా? కథ రాయమంటే గైడులో కథ, కరపత్రం రాయమంటే గైడులో కరపత్రం. నిరుడు రామప్ప గుడికి తీసుకుపోయి, వచ్చాక చూసింది రాయమన్నాను. అందరూ ఒకటే వ్యాసం దించారు: 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, ఇటుకలు నీళ్ళలో తేలుతాయి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఒక్క తప్పు లేదు. మదనికల శిల్పాల దగ్గర నుంచి కదలనని మొండికేసిన పిల్ల కూడా అదే రాసింది. బడిలో ఉన్నదీ గైడే, గుడిలో దొరికిందీ గైడే.

ఈ వర్క్‌షాప్‌కు చేర్యాల నుంచి నకాషీ పటాలు వేసే పెద్దాయన ఒకరు, కథ చెప్పేటాయన ఇంకొకరు వచ్చారు. (చేర్యాల 2016 దాకా మన వరంగల్ జిల్లానే, ఇప్పుడు సిద్దిపేటలో కలిసింది.) పటం చుట్టను రెండు గుంజల మధ్య కట్టి ఒక్క గడి వరకే విప్పారు. ఎర్రటి రంగు మీద పులి, పులి మీద మనిషి. మార్కండేయ పురాణం పటం అది, పద్మశాలీలకు వాళ్ళ కులకథ చెప్పే కూనపులి వాళ్ళు విప్పి చెప్పేది. పులి మీదున్నది భావనా ఋషి, తామర తూళ్ళ నారతో దేవతలకు బట్టలు నేసినాయన. మా బడికి వచ్చేది ఎక్కువగా వరంగల్ కొత్తవాడ పిల్లలే, జంపఖానా మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాళ్ళు. అయినా సగం మందికి ఆ కథ తెలియదు. “తాతా, ఎవలీయన?” అని అడిగితే పెద్దాయన, “నేను చెప్త గని, ముందుగాల మీరు రాయిండ్రి బిడ్డా” అని ఊరుకున్నాడు. ఇచ్చిన 120 రూపాయలు ఆ ఒక్క మాటకే చెల్లిపోయాయి.

ఒకడు పులి మీది మనిషిని సూరత్ పంపించాడు: ‘రైల్ల జాగ దొరకలే, అందుకే పులి ఎక్కిండు.’ వాడి నాయన అక్కడ మరమగ్గాల మీద పనిచేస్తాడు. ఒక పిల్ల పులికి రోజూ ఎంత మాంసం కావాలో, కిలో ఎంతో, ఆ ఇంటామె డబ్బులు ఎక్కడ సర్దుతుందో రెండు పేజీల లెక్క రాసింది. పరీక్షలో నాలుగు వాక్యాలు దాటని పిల్లవాడు పులి తరఫున మొదలుపెట్టాడు: ‘నడుము నొస్తున్నది. ఈయన ఎప్పుడు దిగుతడో తెల్వది.’

తర్వాత రెండో గడి, ఆ తర్వాత మూడోది విప్పారు. విప్పినప్పుడల్లా కథ మార్చుకోవాలి. సూరత్ పోయినవాడికి ఎదురుగా దేవతలు కనబడితే ఏం చేయాలి? అక్కడే పిల్లలు తలలు గోక్కున్నారు, కొట్టేశారు, పక్కవాడితో వాదించారు. కథనం గురించి నేను బోర్డు మీద ఎంత రాసినా ఇంత పని జరగలేదు. చివరికి అసలు కథ పాడి చెప్తే, “మా కథే మంచిగున్నది” అన్నారు. కథ చెప్పేటాయన కూడా నవ్వి ఒప్పుకున్నాడు.

మధ్యలో గుడ్డ తయారీ చూపించారు. ఖద్దరు బట్టకు బియ్యం గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు నీళ్ళు కలిపి పూత పూస్తారు. వెనకటికి రంగులు కూడా ఇంట్లోనే చేసుకునేవారట. ఇప్పుడు దుకాణంలో కొంటున్నామని పెద్దాయన దాచకుండా చెప్పాడు, అది నాకు నచ్చింది. ఆ అంబలి వాసన మీద పిల్లలు రాసిన పేరాలు విడిగా దాచుకున్నాను.

రెండో రోజు కొబ్బరి చిప్పల మాస్కులు. రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో చేసేవి ఆరడానికి సమయం ఉండదని తయారైనవే తెచ్చారు, పిల్లలు రంగులు వేశారు, చొక్కాలు పాడయ్యాయి. సరదాగానే ఉంది గానీ రాసింది సున్నా.

అసలు దెబ్బ మధ్యాహ్నం. అచ్చేసిన వర్క్‌షీట్ పంచారు: పాత్రలు, సమస్య, పరిష్కారం, నీతి. నాలుగు డబ్బాలు. పులికి నడుము నొప్పని రాసినవాడు చాలాసేపు దిక్కులు చూసి, నీతి డబ్బాలో ‘జంతువులను హింసించరాదు’ అని నింపాడు. సూరత్ పిల్లవాడి భాష మీద ఎర్ర పెన్ను కూడా తిరిగింది. నీతి ఎందుకండీ అని నిర్వాహకుడిని అడిగాను. “లేకుంటే రిపోర్టులో ఏం పెడ్తం మేడమ్?” అన్నాడు. ఆయన ఇబ్బంది ఆయనది.

పిలిపించుకునే వాళ్ళు మొదటి రోజు కార్యక్రమాన్నే రెండు మధ్యాహ్నాలకు పరచమని అడగండి. ఒక్క సెక్షన్‌కే పెట్టండి, వెనక వరుసకు గడి కనబడకపోతే కథ లేదు. స్టేజీ, మైకు వద్దు, వరండా చాలు. సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవానికి ఎలాగూ ఏదో ఒకటి చేయాలి కదా, ఉపన్యాస పోటీ బదులు ఇది పెట్టించవచ్చు. సర్టిఫికెట్లు, ఫొటోలు ఎంతసేపో ముందే మాట్లాడుకోండి. వర్క్‌షీట్ల కట్ట ఇస్తే మాత్రం వద్దనకండి. వెనక వైపు ఖాళీగానే ఉంటుంది, కథ రాసుకోవడానికి పనికొస్తుంది.