స్మోకీ కొండల్లో కాస్బీ క్యాంప్‌గ్రౌండ్: వాగు పక్కన సైట్ తీసుకునే ముందు

గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ జనం వచ్చే నేషనల్ పార్కు. వచ్చినవాళ్ళలో చాలామంది గాట్లిన్‌బర్గ్, కేడ్స్ కోవ్, కువోహి శిఖరం (2024 దాకా దాని పేరు క్లింగ్‌మన్స్ డోమ్) చుట్టూ తిరిగి వెళ్ళిపోతారు. టెన్నెసీ వైపు ఈశాన్య మూలన ఉన్న కాస్బీ దాకా వచ్చేవాళ్ళు తక్కువే. కారులో కూర్చుని చూసొచ్చే లూప్ రోడ్డు ఇక్కడ లేదు. షవర్ లేదు, వేడినీళ్ళు లేవు, సైట్‌లో కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ దాదాపు లేదు. కాస్బీ ప్రశాంతంగా ఉందంటే ఈ లేములే కారణం. ఇవి ఇబ్బంది అనుకునేవాళ్ళు పార్కు బయట ప్రైవేటు క్యాంప్‌గ్రౌండో, క్యాబినో చూసుకోవడం మేలు.

క్యాంప్‌గ్రౌండ్ సుమారు 2,459 అడుగుల ఎత్తులో ఉంది. 157 సైట్లు, దట్టమైన చెట్ల నీడ, పక్కనే రాళ్ళ మీద దూకుతూ పోయే కాస్బీ క్రీక్. గాట్లిన్‌బర్గ్ నుంచి యూఎస్ 321 మీద 20 మైళ్ళు. ఐ-40 మీద వచ్చేవాళ్ళు న్యూపోర్ట్ దగ్గర 435వ ఎగ్జిట్ తీసుకుంటే గాట్లిన్‌బర్గ్ ట్రాఫిక్ తగలదు. అట్లాంటా నుంచి నాలుగు గంటలకు పైనే పడుతుంది. చెరోకీ మీదుగా న్యూఫౌండ్ గ్యాప్ దాటి వచ్చే దారి అందమైనదే, కానీ 5,046 అడుగులు ఎక్కి దిగాలి. పొగమంచు పట్టిన సాయంత్రం పిల్లలతో, కారు పైన కట్టిన లగేజీతో ఆ మలుపులు తిరగడం సరదాగా ఉండదు. వెలుగుండగానే చేరేలా బయల్దేరండి.

బుకింగ్ అంతా రిక్రియేషన్ డాట్ గవ్‌లోనే, ఆరు నెలల ముందు నుంచి. అక్కడికెళ్ళి డబ్బు కట్టి సైట్ తీసుకునే పద్ధతి లేదు. ఖాళీ ఉంటే అదే రోజు కూడా ఆన్‌లైన్‌లో దొరకొచ్చు. అయితే గేటు దగ్గరికి వెళ్ళి చూద్దాంలే అనుకుంటే అక్కడ సిగ్నల్ ఉండదు, కాస్బీ ఊరు దాటక ముందే బుక్ చేసి కన్ఫర్మేషన్ స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోవాలి. రాత్రికి 30 డాలర్లు, 2023లో పెంచిన ధర. క్యాన్సిల్ చేస్తే 10 డాలర్లు పోతాయి, చేరే రోజునో ముందు రోజునో చేస్తే దాంతోపాటు మొదటి రాత్రి డబ్బు కూడా. సీజన్ సుమారుగా ఏప్రిల్ మధ్య నుంచి అక్టోబరు చివరి దాకా.

ఇండియా నుంచి వచ్చి గ్రీన్ కార్డు మీద ఉంటున్న అమ్మానాన్నలకు 62 ఏళ్ళు నిండి ఉంటే వాళ్ళ పేరున నేషనల్ పార్కుల సీనియర్ పాస్ తీసుకోవచ్చు. ఆ పాస్ ఉంటే సైట్ అద్దె సగానికి దిగుతుంది. పాస్ ఉన్న మనిషి మాత్రం మీతోపాటు అక్కడ ఉండాలి. పార్కులోకి ప్రవేశ రుసుము లేదు గానీ 15 నిమిషాలు దాటి కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ కావాలి. రోజుకి 5, వారానికి 15, ఏడాదికి 40 డాలర్లు. ఏ నేషనల్ పార్కు పాస్ అయినా దీనికి చెల్లదు. ఫోన్‌లో చూపిస్తే ఒప్పుకోరు, కాగితం ట్యాగ్ కారులో కనిపించాలి. కేవలం క్యాంపింగ్‌కే కదా అని ట్యాగ్ లేకుండా వచ్చి ట్రెయిల్ మొదట్లో కారు వదిలివెళ్ళినవాళ్ళే ఎక్కువగా దొరికిపోతారు.

ఇక అసలు విషయం, సైట్ ఎంపిక. వాగు పక్క సైటే కావాలని అందరూ పోటీ పడతారు. ఆ నీళ్ళ హోరు పక్క టెంట్‌లో మాటలని మింగేస్తుంది, నిద్ర బాగా పడుతుంది, నిజమే. అదే హోరు పదడుగుల దూరం నుంచి పిల్లవాడు పిలిచిన పిలుపునీ మింగుతుంది. ఎలుగుబంటి వచ్చి డబ్బా కదిపిన చప్పుడూ వినపడదు. పైగా రాత్రి కొండ మీది చల్లగాలి బరువెక్కి వాగు వెంటే కిందికి జారుతుంది కాబట్టి, ఒడ్డున ఉన్న సైట్లు పైవాటికంటే చల్లగా, తేమగా ఉంటాయి. తెల్లారేసరికి టెంట్ లోపలి గోడలు చెమర్చి, స్లీపింగ్ బ్యాగ్ కొస తడిసి ఉంటుంది. చలి వేసినా సరే టెంట్ పై గాలికంతలు మూయకూడదు. మూసేస్తే మీ ఊపిరిలో తేమే నీళ్ళై మీ మీద పడుతుంది. చంటిపిల్లలుంటే వాగుకు రెండు వరసలు ఇవతలి సైటే మంచిది. నీటి చప్పుడు అక్కడికీ వస్తుంది, తేమా భయమూ తగ్గుతాయి.

కాస్బీ కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఉంది. కొన్ని సైట్లకి కారు ఆపిన చోటి నుంచి పైకో కిందికో మెట్లెక్కి దిగాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే బుక్ చేసే ముందు ఆ సైట్ ఫొటోలు చూడండి. 25 అడుగులు దాటిన ఆర్వీ (లోపలే పడుకునే, వండుకునే పెద్ద బండి) ఇక్కడ పట్టదు. ఒక్కో సైట్‌కి ఆరుగురు, రెండు టెంట్లు, అంతే. మెమోరియల్ డేకో, లేబర్ డేకో నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్ళడం మనవాళ్ళకి అలవాటు. రెండు సైట్లు తీసుకుని పదహారు మంది సర్దుకుందామంటే కుదరదు. పక్కపక్క సైట్లు ముందే పట్టాలి, లేదంటే గ్రూప్ సైట్ చూసుకోవాలి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్ద వేళలు. జనరేటర్లు రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా ఆపాలి. అంత్యాక్షరి పదింటికల్లా ముగియాలి, పొద్దున కుక్కర్ విజిల్ ఆరు దాటాకే వినిపించాలి.

టెంట్ వేసేముందు ఒకసారి తలెత్తి చూడండి. ఈ పార్కులో హెమ్లాక్ చెట్లను అడెల్జిడ్ అనే పురుగు చాలా చోట్ల చంపేసింది. ఎండి నిలబడ్డ మాను కిందగానీ, వేలాడే కొమ్మ కిందగానీ టెంట్ వేయకూడదు. చాలా సైట్లలో టెంట్ కోసం కంకర పరిచిన చదునైన గడి ఉంటుంది. టెంట్‌తో వచ్చే సన్నటి అల్యూమినియం మేకులు కంకరలో వంగిపోతాయి. పది అంగుళాల ఇనుప మేకులు ఎనిమిది, ఒక సుత్తి పెట్టుకోండి. కింద పరిచే పట్టా టెంట్ అంచులకంటే రెండంగుళాలు లోపలికే ఉండాలి. బయటికి పొడుచుకొస్తే పైనుంచి జారిన వాన ఆ పట్టా మీద పడి టెంట్ కిందికే చేరుతుంది. లోపల నీళ్ళొచ్చాయని టెంట్‌ని తిట్టుకునేవాళ్ళలో చాలామంది చేసే పొరపాటు ఇదే. స్మోకీలలో కింది ప్రాంతాల్లోనే ఏడాదికి 55 అంగుళాల వాన, శిఖరాల మీద 85 దాకా. వేసవిలో మధ్యాహ్నం ఉరుములు మామూలే. పిక్నిక్ బల్ల మీద కట్టడానికి 10 x 12 అడుగుల టార్పాలిన్, 50 అడుగుల తాడు లేకుండా వెళ్ళకండి.

కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్ళడం నిషేధం. చెట్లను చంపే పురుగులు కట్టెల్లోనే ప్రయాణం చేస్తాయి కాబట్టి, వేడితో శుద్ధి చేసినట్టు ముద్ర ఉన్న ప్యాకెట్ కట్టెలే పార్కులోకి తేవాలి. పార్కులో రాలిపడిన ఎండుకట్టె ఏరుకోవచ్చుగానీ వాగు ఒడ్డున పడి ఉన్నదంతా నానిపోయి ఉంటుంది, పొగ తప్ప మంట రాదు. దుకాణంలో దొరికే మామూలు కట్ట గంట, గంటన్నర మండుతుంది. మూడు గంటల సాయంత్రానికి రెండో మూడో కట్టలు చాలు. అంటించడానికి సన్నటి పుల్లలు, పాత కాగితాలు పొడిగా సంచిలో తీసుకెళ్ళండి. పడుకునే ముందు నీళ్ళు పోసి, కలిపి, చెయ్యి పెట్టి చూసి చల్లబడ్డాకే వదలాలి.

వంటకి కట్టెల పొయ్యిని నమ్ముకోవద్దు. రెండు బర్నర్ల ప్రొపేన్ స్టవ్, పౌండు గ్యాస్ ఉండే చిన్న పచ్చ సిలిండర్లు తీసుకెళ్ళండి. ఒక బర్నర్ పూర్తి మంట మీద ఒక సిలిండర్ దాదాపు రెండు గంటలొస్తుంది. నలుగురికి రెండు రాత్రులకి రెండు చాలు, అదనంగా ఒకటి ఉంచుకోండి. మొదటి రాత్రికి ఇంట్లో చేసిన పులిహోర తీసుకెళ్తే చీకట్లో పొయ్యి వెలిగించే పని తప్పుతుంది. దోశపిండి మాత్రం తేకండి. కూలర్‌లో ఐసు కరిగేకొద్దీ పిండి పొంగి మూత తోసుకుంటుంది. కూలర్‌కి చిన్న ఐసు ముక్కలకంటే పెద్ద దిమ్మ ఎక్కువసేపు నిలుస్తుంది.

ఎలుగుల సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. పార్కులో సుమారు 1,900 నల్ల ఎలుగులున్నాయని పార్కు అంచనా. వంటా తిండీ జరుగుతున్న సమయంలో తప్ప తిండి, కూలర్, స్టవ్, గిన్నెలు, చెత్త, టూత్‌పేస్టు, సబ్బు అన్నీ కిటికీలు మూసిన కారులో ఉండాలి. కూలర్ గట్టిగా మూసుకుంటుంది కదా అని బల్ల కింద వదలడం కుదరదు, ఎలుగుకి కూలర్ ఆకారం కూడా గుర్తే. కారు తలుపులు లాక్ చేయాలి. హ్యాండిల్ లాగి తలుపు తెరవడం ఇక్కడి ఎలుగులకి వచ్చు, లోపలికెళ్ళాక తలుపు మూసుకుపోతే బయటపడే ప్రయత్నంలో కారు లోపలంతా చీల్చేస్తుంది. టెంట్‌లో బిస్కట్ ప్యాకెట్ కూడా ఉంచొద్దు. మన విషయంలో ఎక్కువ జాగ్రత్త కావలసింది ఆవకాయ. సీసా మూత చుట్టూ కారిన నూనె వాసన, బల్ల చెక్కలో ఇంకిన చుక్క కూడా రప్పించడానికి చాలు. చిన్న డబ్బాలో తెచ్చి, ఆ డబ్బాను జిప్ సంచిలో వేసి, తిన్నాక బల్లని సబ్బునీళ్ళతో తుడవండి. గిన్నెలు కడిగిన నీళ్ళు నేల మీద, వాగులో పారబోయకూడదు. మెతుకులు వడకట్టి చెత్తలో వేసి, నీళ్ళు అందుకు కేటాయించిన చోటే పోయాలి. ఎలుగుకి 50 గజాల లోపలికి వెళ్ళడం చట్టరీత్యా నేరం. అదే మీ వైపు వస్తే పరుగెత్తకుండా నిలబడి, గట్టిగా అరుస్తూ, పిల్లల్ని దగ్గరికి తీసుకుని మెల్లగా వెనక్కి జరగాలి.

తాగడానికి కుళాయి నీళ్ళే వాడండి. వాగు నీళ్ళు అద్దంలా కనిపించినా విరేచనాలు తెప్పించే జియార్డియా క్రిమి ఉండొచ్చు, తాగక తప్పకపోతే బాగా మరిగాక ఒక నిమిషం ఉంచాలి. వాగులో సబ్బు వాడకూడదు. రాళ్ళు పేర్చి చిన్న ఆనకట్టలు కట్టడం పిల్లలకి సరదాయే గానీ ఇక్కడ నిషేధం. ఈ పార్కులో ముప్పై రకాల శాలమాండర్లు (బల్లిలా కనిపించే ఉభయచరాలు) ఉన్నాయి, వాటిలో రెండడుగుల దాకా పెరిగే హెల్‌బెండర్ అనేది గుడ్లు పెట్టేదీ, దాక్కునేదీ ఆ రాళ్ళ కిందే. నాచు పట్టిన రాళ్ళ మీద రబ్బరు చెప్పులు జారతాయి, ఊడి కొట్టుకుపోతాయి కూడా. మడమకి పట్టీ ఉన్నవే వేసుకోండి. పైన కొండ మీద వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా నీళ్ళు త్వరగా పెరుగుతాయి. నీటి రంగు మారగానే పిల్లల్ని ఒడ్డెక్కించాలి.

నడకల్లో పిల్లలతో వెళ్ళదగింది హెన్ వాలో ఫాల్స్. గేబ్స్ మౌంటెన్ ట్రెయిల్ మీద 2.2 మైళ్ళు, రాకపోకలు 4.4. 90 అడుగుల జలపాతం పైన రెండడుగుల వెడల్పుతో మొదలై కింద ఇరవై అడుగులకి పరుచుకుంటుంది. వానలు లేని సెప్టెంబరులో సన్నటి ధారే, వసంతంలోనో వాన మర్నాడో వెళ్ళండి. పక్కనున్న బండల మీదికెక్కి ఫొటోలు దిగడం వద్దు, అక్కడే జారిపడతారు. కాళ్ళలో బలం ఉన్నవాళ్ళకి మౌంట్ కామరర్. లో గ్యాప్ ట్రెయిల్ మీదుగా రాకపోకలు పన్నెండు మైళ్ళకి దగ్గర, మొదటి మూడు మైళ్ళూ ఎడతెగని ఎక్కుడే. పైన 1930లలో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ (నిరుద్యోగ యువకులకి పని చూపిన ప్రభుత్వ పథకం) కట్టిన రాతి టవర్ నుంచి నాలుగు దిక్కులా కొండల వరసలు కనిపిస్తాయి. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, ఏడింటికల్లా బయల్దేరడం తప్పనిసరి. కుక్కల్ని ఈ ట్రెయిళ్ళలో దేన్లోకీ రానివ్వరు.

పార్కులోని మిగతా వాగు ఒడ్డు క్యాంప్‌గ్రౌండ్లతో పోలిస్తే: ఎల్క్‌మాంట్ పక్కన లిటిల్ రివర్ ఇంకా పెద్దది, అందమైనదే, కానీ ఎప్పుడూ కిటకిటే. ఒకే లయలో వెలిగే మిణుగురుల కాలంలో, అంటే మే చివర, జూన్ మొదట్లో, సైట్ దొరకడం అదృష్టం. నార్త్ కరోలినా వైపు డీప్ క్రీక్ ట్యూబుల మీద తేలేవాళ్ళతో పగలంతా సందడి, పిల్లలకి మాత్రం పండగ. స్మోక్‌మాంట్ ఏడాది పొడుగునా తెరిచి ఉంటుంది, చలికాలంలో వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది. కాస్బీకంటే ప్రశాంతమైనది బిగ్ క్రీక్: పన్నెండే సైట్లు, టెంట్లకే, సామాను మోసుకెళ్ళాలి. అయితే 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను ఆ వైపుని బాగా దెబ్బతీసింది. పిజన్ నది లోయలో ఐ-40 కూడా కొట్టుకుపోయింది. నార్త్ కరోలినా నుంచి ఆ దారిన వచ్చేవాళ్ళు బయల్దేరే ముందు రోడ్డు పరిస్థితి చూసుకోవాలి.

తిరిగొచ్చే పొద్దున టెంట్ ఎండుతుందని ఎదురుచూడకండి, ఆ చెట్ల నీడలో పదింటి దాకా ఎండ తగలదు. తడి టెంట్‌ని దాని సంచిలో కుక్కకుండా పెద్ద చెత్త సంచిలో వదులుగా వేసి తెచ్చి, ఇంటికి రాగానే గ్యారేజీలో ఆరేయండి. రెండు రోజులు అలాగే మడతలో ఉంటే బూజు పట్టి, తర్వాత ఎంత ఉతికినా ఆ వాసన వదలదు.