పది ఆజ్ఞలు క్రైస్తవులకు ఇప్పటికీ వర్తిస్తాయా?

పది ఆజ్ఞలు మోషే ధర్మశాస్త్రంలో, అంటే దేవుడు మోషే ద్వారా ఇశ్రాయేలు ప్రజలకు ఇచ్చిన నియమాల్లో భాగం. ఆ ధర్మశాస్త్రాన్ని నైతికం, ఆచారం, పౌర న్యాయం అని మూడుగా విడదీసి చూసేది ఒక వర్గం. ఇంగ్లండ్‌లో ప్రొటెస్టంట్ బోధకులు రాసిన 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం ఈ దారిలోదే. బలులు, ఆహార నియమాలు క్రీస్తుతో ముగిశాయి, పది ఆజ్ఞలు మాత్రం అందరికీ ఎప్పటికీ ఉంటాయంటారు. ధర్మశాస్త్రాన్ని కొట్టివేయడానికి రాలేదని యేసు చెప్పిన మత్తయి 5:17 వీరి ప్రధాన ఆధారం.

ధర్మశాస్త్రం మొత్తం ఇశ్రాయేలుతో దేవుడు చేసిన ఒకే నిబంధన (ఒడంబడిక), దాన్ని ముక్కలు చేయలేమంటుంది రెండో వర్గం. గలతీ 3వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు దాన్ని బాలశిక్షకుడితో, అంటే పిల్లలు పెద్దయ్యేదాకా వారిని అదుపులో ఉంచే సంరక్షకుడితో పోల్చాడు. విశ్వాసం వచ్చాక ఇక ఆ బాలశిక్షకుడి కింద లేమన్నాడు. అలాగని హత్య, దొంగతనం చేయొచ్చని కాదు. పొరుగువాణ్ణి ప్రేమించేవాడు ధర్మశాస్త్రాన్ని నెరవేర్చినట్టేనని రోమా 13 చెబుతుంది.

ఆచరణలో ఈ రెండూ దాదాపు కలిసే నడుస్తాయి, ఒక్క విశ్రాంతి దినం దగ్గర తప్ప. నాలుగో ఆజ్ఞ చెప్పింది ఏడో రోజు, అంటే శనివారం. సెవెంత్ డే అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖవారు దాన్నే పాటిస్తారు. వెస్ట్‌మినిస్టర్ ప్రమాణమేమో ఆ దినం ఆదివారానికి మారిందంటుంది. పది ఆజ్ఞలూ మారనివైతే రోజు ఎలా మారింది? మొదటి వాదనలో నన్ను ఆపేసేది ఇదే. విశ్రాంతి దినం విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదని కొలొస్స 2:16 అంటుంది. అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేములో కూడిన తొలి సంఘ పెద్దల సభ కూడా అన్యజనుల్లోంచి (యూదులు కానివారిలోంచి) వచ్చిన విశ్వాసులపై సున్నతి భారం మోపలేదు, నాలుగు విషయాలకు మాత్రం దూరంగా ఉండమంది. అందుకే నా మనసు రెండో వైపే మొగ్గుతుంది.